ఏటా మందం కొలుస్తున్నా రిఫైనరీ పైపులు ఎందుకు పగులుతాయి?

"పైపుల మందం క్రమం తప్పకుండా కొలుస్తారు కదా, అయినా తుప్పు వల్ల ప్రమాదాలేంటి?" అని అడిగారు. నా ఉద్యోగమే ఇన్‌స్పెక్షన్, కాబట్టి సూటిగా చెప్తాను. ఎప్పుడూ కొలిచే చోటే కొలుస్తారు. తుప్పు ఇంకోచోట తింటూ ఉంటుంది.

ఒక షట్‌డౌన్‌లో ఓ లైను దగ్గర నిలబడి చూస్తున్నాను. పైన అల్యూమినియం రేకు తళతళలాడుతోంది, రికార్డులో మందం నిక్షేపంగా ఉంది. సపోర్టు పక్కన మాత్రం రేకు అతుకు కాస్త విడివడింది. అక్కడ విప్పించాను. లోపలి రాక్‌వూల్ (వేడి పోకుండా పైపుకు చుట్టే ఇన్సులేషన్) పిండితే నీళ్లు కారాయి. పైపు మీంచి తుప్పు అరచేతంత పెచ్చులుగా ఊడొచ్చింది. శుభ్రం చేసి మందం కొలిచే ప్రోబ్ పెడితే మందం సగం కూడా లేదు. ఏళ్లుగా కొలుస్తున్న గుర్తు అక్కడికి మీటరు దూరంలోనే ఉంది!

మైనస్ 12 నుంచి 175 డిగ్రీల మధ్య నడిచే కార్బన్ స్టీల్ లైన్లకు ఇన్సులేషన్ కింద తుప్పు పట్టే ఈ బెడద ఎక్కువ. వేడెక్కుతూ చల్లారుతూ ఉండేవైతే మరీనూ. అయినా మరమ్మతుకు విప్పిన రేకును టేపు చుట్టి వదిలేస్తారు. ఆడిట్ వస్తోందంటే మాత్రం రంగులకు డబ్బు దొరుకుతుంది! దీని మీద ఎన్నిసార్లు గొడవపడ్డానో.

లోపలి తుప్పుదీ ఇదే కథ. 2012లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ రిఫైనరీలో మంటలు రేగాయి. 8 అంగుళాల లైనులో 52 అంగుళాల ముక్క ఒకటి సిలికాన్ తక్కువున్న స్టీలు. వేడి నూనెలోని గంధకం పక్క మలుపులకన్నా దాన్నే వేగంగా తినేసింది. కొలుస్తూ వచ్చిన మలుపుల్లో మందం బాగానే ఉంది, పగిలింది ఆ ముక్క. అందుకే గంధకమున్న వేడి నూనె నడిచే పాత లైన్లలో ప్రతి ముక్కనూ విడిగా కొలవాలంటాను.

ఇక చౌక క్రూడ్, అంటే ముడి చమురు. ఉప్పు ఎక్కువున్న సరుకు తెచ్చి, ఉప్పు తీసే డీసాల్టర్ మీద పడేస్తారు. అక్కడ పోని మెగ్నీషియం క్లోరైడ్ వేడికి విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది, క్రూడ్‌ను విడగొట్టే కాలమ్ పైభాగంలో ఆవిరి చల్లారి తొలి నీటిబొట్టు పడేచోట గొట్టాన్ని కొరికేస్తుంది. కొన్నవాళ్లు లాభం చూపించుకుంటారు, మారిన గొట్టాల ఖర్చు మెయింటెనెన్స్ ఖాతాలో పడుతుంది.

నివారణ అంటే కోటింగులు, తుప్పును తగ్గించే రసాయనాల (ఇన్హిబిటర్ల) పేర్లే చెప్తారు. అవీ కావాలి. కానీ నన్నడిగితే ముందు కావలసింది, అనుమానం వచ్చిన చోట ఇన్సులేషన్ విప్పించే అధికారం ఇన్‌స్పెక్టర్‌కు ఉండటం. ఇప్పుడు ఒక్క మీటరు విప్పాలన్నా నాలుగు సంతకాలు కావాలి.