గేర్‌బాక్స్ మార్చాలంటున్నారు, వారంటీ రాదంటున్నారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. 2 ఏళ్ల 8 నెలల క్రితం 14 లక్షలు పెట్టి ఆటోమేటిక్ కారు కొన్నాను. వారంటీ 3 ఏళ్లు. వానలు పడ్డప్పుడల్లా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, బండి ఒకే గేరులో ఇరుక్కుపోతోంది. ఎండ కాస్తే మామూలుగా నడుస్తుంది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి, 2.40 లక్షలు అవుతుంది, నీళ్లు దిగాయి కాబట్టి వారంటీ రాదు అని సర్వీస్ సెంటర్‌వాళ్లు అంటున్నారు. మా ఊరి మెకానిక్ స్కానర్ పెడితే పి0842 అని కోడ్ వచ్చింది. సెన్సర్ వైరు కోసి కొత్తది వేయిద్దామని మా బావమరిది అంటున్నాడు. రొయ్యల చెరువులకు కూడా ఈ కారులోనే వెళ్తాను కాబట్టి వినియోగదారుల కేసు చెల్లదని షోరూంలో చెప్పారు. నిజమేనా?

జవాబు: ముందు మీ బావమరిది గారిని ఆ వైరు ముట్టుకోవద్దని చెప్పండి. ఆ వైరూ, దాని కనెక్టరూ ఇప్పుడు మీ సాక్ష్యం. బయట కోసి అతికించారని తేలితే, ఇవాళ నీళ్ల పేరు చెప్తున్నవాళ్లు రేపు ఆ అతుకును చూపిస్తారు. స్కానర్‌తో కోడ్ చదివించడం వరకు తప్పు లేదు. ఆ తెర ఫొటో తేదీతో సహా దాచుకోండి.

పి0842 అంటే గేర్‌బాక్స్ పోయిందని కాదు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌ను కొలిచే సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉందని. ఆ సెన్సర్‌కు చాలా బళ్లలో మూడు వైర్లు ఉంటాయి: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టినా, వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా, సప్లై రాకపోయినా, సెన్సరే చెడిపోయినా ఇదే కోడ్ రావచ్చు. సిగ్నల్‌ను నమ్మలేనప్పుడు గేర్లను నడిపే కంప్యూటర్ బండిని కాపాడడానికి ఒకే గేరులో ఉంచేస్తుంది. వానకు వచ్చి ఎండకు పోతోందంటే నాకు మొదట అనుమానం కనెక్టర్ మీదే. ఉప్పుగాలి తగిలే మన డెల్టాలో, అందులోనూ రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండికి, చిలుము పట్టడం వింతేమీ కాదు.

అలాగని గేర్‌బాక్స్‌లో ఏ లోపమూ లేదని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కొన్ని కార్లలో సెన్సర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, విప్పక తప్పదు. కానీ ఆ మాట అనే ముందు ఒక వరస ఉంది. ఆయిల్ మట్టం, రంగు, మాడు వాసన చూడాలి. కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడాలి. మల్టీమీటర్‌తో సప్లై, ఎర్త్, సిగ్నల్ కొలవాలి. అవసరమైతే విడిగా గేజ్ పెట్టి అసలు ప్రెషర్ ఎంతుందో చూసి సెన్సర్ చెప్పేదానితో పోల్చాలి. ఇవేవీ చేయకుండా 2.40 లక్షల ఎస్టిమేట్ రాస్తే, గోటితో పోయేదానికి గొడ్డలి తీసుకున్నట్టే.

కాబట్టి ఈ వారంలోనే సర్వీస్ సెంటర్‌కూ, తయారీ కంపెనీకీ కలిపి ఒకే ఈమెయిల్ పెట్టండి. వారంటీ ఇంకా 4 నెలలే ఉంది, ఫిర్యాదు ఆ లోపలే నమోదై ఉండాలి. ఏ పరీక్షలు చేశారు, ఏ రీడింగులు వచ్చాయి, నీళ్లు ఎక్కడ కనిపించాయి, వారంటీలోని ఏ షరతు కింద నిరాకరిస్తున్నారు, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. నీళ్లు దిగాయన్నది వాళ్ల వాదన, దానికి ఆధారం కూడా వాళ్లే చూపించాలని గట్టిగా రాయండి. బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్‌వాళ్లు రాసే జాబ్ కార్డు మీద మీరు చెప్పిన లక్షణాలు ఉన్నది ఉన్నట్టు రాయించండి. నోటి మాటగా ‘రాదండి’ అంటే వినేసి రావడం మన గోదావరివాళ్ల మర్యాద, కేసులో మాత్రం అదే మన కొంప ముంచుతుంది.

ఇక రొయ్యల చెరువు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారుల లెక్క నుంచి తీసేసిన మాట నిజమే. అయితే స్వయం ఉపాధితో బతకడానికే కొని తానే వాడుకునేవారికి అందులోనే మినహాయింపు ఉంది. పైగా ఆ వస్తువు ప్రధానంగా దేనికోసం కొన్నారన్నదే చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ పేరున కొని, ఇంటిల్లిపాదీ వాడుతూ, చెరువు చూసి రావడానికి కూడా ఎక్కే కారు టాక్సీ అయిపోదు. షోరూంవాళ్ల మాటకు టెన్షన్ పడకండి. కారు ఏదైనా సంస్థ పేరున ఉంటే మాత్రం ముందే మీ లాయరుకు చెప్పండి.

కేసు మీరు నివసించే ప్రాంతానికి సంబంధించిన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కొన్న ధర 50 లక్షల లోపు కాబట్టి అక్కడే, 10 నుంచి 20 లక్షల మధ్య కాబట్టి ఫీజు 400 రూపాయలు. కేసుకు కారణం ఏర్పడిన రోజు నుంచి గడువు 2 ఏళ్లు. నిరాకరిస్తూ వాళ్లు ఇచ్చే రాత తేదీ అందుకే ముఖ్యం. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. పరీక్ష లేకుండా లోపం తేలనప్పుడు వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం అదే చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది, ఆ దరఖాస్తు మొదటే వేయండి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడం మంచిది, కొన్ని గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి.

కొత్త కారు ఇప్పించమని మాత్రం అడగకండి. లోపమున్న భాగం మార్చితే సరిపోయే చోట మొత్తం కారు మార్చమనడం కుదరదని 2006లోనే సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. ఉచిత రిపేరు, బండి ఆగిన రోజులకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి.

బండి లేకపోతే రోజు గడవదు, డబ్బు కట్టక తప్పదు అనుకుంటే కట్టండి. కానీ బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టి, తీసేసిన గేర్‌బాక్స్, సెన్సర్, వైరింగ్ మీకే ఇమ్మని రాతలో అడగండి. పాత సామాను వాళ్ల దగ్గర ఉండిపోతే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. ఈలోగా ఒకే గేరులో ఇరుక్కున్న బండిని చించినాడ వంతెన దాటించి పాలకొల్లు దాకా నడపకండి. గేర్‌బాక్స్ వేడెక్కి నిజంగానే దెబ్బతింటే ఆ తప్పు మీ మీద వేస్తారు. టోయింగ్ బండి మీద పంపించి, రసీదు మిగతా కాగితాలతో కలిపి ఉంచండి.