స్టాన్‌ఫర్డ్ దంపతులను హార్వర్డ్‌లో అవమానించారన్న కథ నిజమా? అసలు ఆ లేలాండ్ స్టాన్‌ఫర్డ్ ఎవరు, మంచివాడా దోపిడీదారా?

ఆ కథ అబద్ధం. అందులో ఆవగింజంత నిజం ఉంది, అదీ చెబుతాను.

కథ తెలియనివారి కోసం: వెలిసిపోయిన బట్టలు కట్టుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య హార్వర్డ్ అధ్యక్షుడి గది ముందు పడిగాపులు కాస్తారు. అక్కడ చదువుతూ చనిపోయిన కొడుకు గుర్తుగా ఏదైనా కట్టిస్తామంటారు. "భవనం అంటే ఎంతవుతుందో తెలుసా?" అని అధ్యక్షుడు వెటకారం చేస్తాడు. ఆవిడ భర్త వైపు తిరిగి "ఇంతేనా? అయితే మనమే ఒక యూనివర్సిటీ పెట్టేద్దాం" అంటుంది. అదే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అయిందట. బట్టలు చూసి మనిషిని అంచనా వేయకూడదన్న నీతితో ఇది తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. మా ఇంటి గ్రూపులోకి కూడా ఏడాదికోసారి రాక మానదు.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు హార్వర్డ్‌లో చదవనే లేదు. 1868 మేలో పుట్టిన పిల్లాడు, 1884 మార్చి 13న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో టైఫాయిడ్‌తో పోయాడు. పదహారు కూడా నిండలేదు. ఆ ఏడాది తల్లిదండ్రులు హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్‌ను కలిసిన మాట నిజమే. ఆయన అవమానించలేదు సరికదా, కూర్చోబెట్టి సలహా ఇచ్చాడు. యూనివర్సిటీ పెట్టాలంటే భవనాలు కాక కనీసం 50 లక్షల డాలర్ల నిధి ఉండాలన్నాడు. స్టాన్‌ఫర్డ్ భార్య వైపు చూసి, అది మనవల్ల అవుతుందిలే అన్న ధోరణిలో మాట్లాడాడని ఎలియట్ చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. వాట్సాప్ కథకు మూలం ఈ పాటిదే.

నాకు ఈ కథతో ఇంకో పేచీ ఉంది. అందులో ఆయన ఊరూ పేరూ లేని అమాయకుడు. 1884 నాటికి లేలాండ్ స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా మాజీ గవర్నర్, అమెరికాను అడ్డంగా దాటించిన రైల్వేకి అధ్యక్షుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాబ్ హిల్ మీద మేడ ఉన్న కోటీశ్వరుడు. అలాంటి మనిషిని గది బయట కూర్చోబెట్టే కాలేజీ అధ్యక్షుడు ఆ రోజుల్లో ఉండేవాడా?

నేనుండేది శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో. మనవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు, కాబట్టి ఇండియా నుంచి చుట్టాలు దిగుతూనే ఉంటారు. అందరూ స్టాన్‌ఫర్డ్ క్యాంపస్ దగ్గర ఫొటో కావాలంటారు. నేను ముందు శాక్రమెంటోలో ఆయన ఇంటికి తీసుకెళ్తాను. ఆయన కథలో అసలు ముడి ఉన్నది క్యాంపస్ ఉన్న పాలో ఆల్టోలో కాదు, ఇక్కడే.

1824లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర పుట్టాడు. తండ్రికి పొలం, బాటసారుల కోసం నడిపే సత్రంలాంటి టావెర్న్ ఉండేవి. లా చదివి విస్కాన్సిన్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో ప్లీడరుగా ప్రాక్టీసు పెట్టాడు. 1852లో అగ్నిప్రమాదంలో ఆఫీసు, పుస్తకాలు అన్నీ కాలిపోయాయి. అన్నదమ్ములు అప్పటికే కాలిఫోర్నియాలో కొట్లు పెట్టుకుని ఉన్నారు. భార్య జేన్‌ను ఆల్బనీలో పుట్టింట్లో దించి, నికరాగువా మీదుగా ఓడల్లో తనూ వెళ్లిపోయాడు.

బంగారం తవ్వడానికి కాదు, సరుకులు అమ్మడానికి. మొదట కోల్డ్ స్ప్రింగ్స్‌లో, తర్వాత మిషిగన్ బ్లఫ్ అనే గనుల ఊళ్లో. ఈ రెండోది ఫారెస్ట్‌హిల్ దాటాక కొండ అంచున ఉంటుంది. నేను వెళ్లినప్పుడు కొద్దిపాటి ఇళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఒకప్పుడు గని కూలీలతో కిటకిటలాడిన చోటంటే నమ్మడం కష్టం. అక్కడ ఆయన కొట్టు నడుపుతూనే ఊరి మేజిస్ట్రేటుగా చిల్లర తగాదాలు తీర్చేవాడు. గనుల ఊళ్లో కొట్టు అంటే సగం వ్యాపారం అరువు మీదే. ఎవడు నిలదొక్కుకుంటాడో, ఎవడు రాత్రికి రాత్రి మూట సర్దుతాడో పసిగట్టాలి. నా లెక్కలో ఆయన నేర్చిన రాజకీయమంతా అక్కడే నేర్చాడు.

1855లో భార్య కోసం ఆల్బనీ వెళ్లాడు. ఈసారి ఆవిడ వెనక ఉండిపోనంది. ఇద్దరూ కలిసి తిరిగొచ్చి శాక్రమెంటోలో అన్నదమ్ముల హోల్‌సేల్ దుకాణం చేపట్టారు. దగ్గర్లోనే కె స్ట్రీట్‌లో కాలిస్ హంటింగ్టన్, మార్క్ హాప్కిన్స్‌ల ఇనుప సామాన్ల కొట్టు. చార్లెస్ క్రాకర్‌ది బట్టల వ్యాపారం. తర్వాత బిగ్ ఫోర్ అని పేరుపడింది ఈ నలుగురే. బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే రిపబ్లికన్ పార్టీని కాలిఫోర్నియాలో మొదట నిలబెట్టినవాళ్లలోనూ వీళ్లున్నారు. అప్పట్లో ఆ పార్టీ పేరెత్తితే ఇక్కడ నవ్వేవారు. 1857లో స్టాన్‌ఫర్డ్ రాష్ట్ర కోశాధికారిగా పోటీ చేసి ఓడాడు, 1859లో గవర్నర్‌గా పోటీ చేసి మూడో స్థానంలో మిగిలాడు. 1861లో అంతర్యుద్ధం రాజుకుని డెమోక్రాట్లు రెండు ముక్కలయ్యారు. అదే పాత అభ్యర్థి ఈసారి సుమారు 56 వేల ఓట్లతో గెలిచాడు. ఆయనేమీ గొప్ప వక్త కాదు. ఓడినా దుకాణం కట్టేయకుండా కూర్చున్నవాడు, అంతే.

ఇక రైలు. మా ఫోల్సమ్ నుంచి శాక్రమెంటోకి 1856లో మొదలైన లైనును వేసిన ఇంజినీరు థియోడర్ జూడా. సియెర్రా కొండలు దాటించి తూర్పుకి రైలు వేయొచ్చని ఆయనకు పిచ్చి. శాన్‌ఫ్రాన్సిస్కో డబ్బున్నవాళ్లు పెట్టుబడికి ముందుకు రాలేదు. ఈ శాక్రమెంటో దుకాణదారులు చేయి వేశారు. 1861 జూన్ 28న సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పుట్టింది, అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్. ఆ సెప్టెంబరులోనే ఆయన గవర్నర్‌గా గెలిచాడు.

కంపెనీ పదవి వదిలాడా? లేదు. రెండేళ్ల పదవీకాలమంతా రాష్ట్రానికి గవర్నర్, కంపెనీకి అధ్యక్షుడు ఒకే మనిషి. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒక్కటే. కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) కంపెనీ షేర్లు కొనడానికి వీలు కల్పించే చట్టాలు ఆయన హయాంలోనే వచ్చాయి: శాన్‌ఫ్రాన్సిస్కోకి 6 లక్షల డాలర్లు, శాక్రమెంటోకి 3 లక్షలు, ప్లేసర్ కౌంటీకి 2.5 లక్షలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దీని మీద ఓటింగ్ జరిగిన రోజు గవర్నర్ సోదరుడు ఫిలిప్ బగ్గీలో తిరుగుతూ ఓటర్లకు బంగారు నాణేలు పంచాడని ఆరోపణలు వచ్చాయి. చార్లెస్ క్రాకర్ అన్న ఎడ్విన్‌ను 1863లో రాష్ట్ర సుప్రీం కోర్టు జడ్జిగా వేసింది కూడా ఈయనే. ఎన్నికల్లో డబ్బు పంచడం మనం కనిపెట్టిన విద్య అనుకునేవారు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ప్రమాణ స్వీకారం కథ మాత్రం సినిమాలో పెట్టొచ్చు. 1862 జనవరి 10. శాక్రమెంటో అంతా వరద. కొత్త గవర్నర్ పడవెక్కి కాపిటల్‌కి వెళ్లి ప్రమాణం చేశాడు. తిరిగొచ్చేసరికి నీరు ఇంకా పెరిగి, ఇంట్లోకి పై అంతస్తు కిటికీలోంచి దూరాల్సి వచ్చిందట. శాసనసభ ఆ సమావేశాలకు శాన్‌ఫ్రాన్సిస్కోకి తరలిపోయింది. తర్వాత ఊరి వీధులనే మట్టి పోసి ఎత్తు పెంచారు. 1870ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ ఇంటిని మొత్తంగా పైకి లేపి, కింద ఒక అంతస్తు, పైన ఒకటి కలిపారు. రెండంతస్తుల ఇల్లు నాలుగైంది. లోపల తిరుగుతుంటే చుట్టాలకు రైలూ గవర్నరూ ఏవీ పట్టవు, ఈ ఇల్లు లేపడం ఒక్కటే పడుతుంది. మా మామయ్య రిటైర్డ్ సివిల్ ఇంజినీరు. జాకీలు ఎక్కడెక్కడ పెట్టి ఉంటారని గైడ్‌ను వదల్లేదు.

1862 జూలై 1న లింకన్ పసిఫిక్ రైల్వే చట్టం మీద సంతకం పెట్టాడు. మైలుకి ఇంతని కేంద్రం బాండ్ల రూపంలో అప్పు: చదును నేలకు 16 వేల డాలర్లు, కొండలకు 48 వేలు. మరి కొండలు ఎక్కడ మొదలవుతాయి? రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జొసయా విట్నీని తీసుకెళ్లి చూపించారు. శాక్రమెంటో నుంచి ఏడు మైళ్లే వెళ్లాక, బల్లపరుపు నేలలో, ఆర్కేడ్ క్రీక్ దగ్గర మట్టి రంగు మారింది కాబట్టి సియెర్రా అక్కడే మొదలని తేల్చారు. లింకన్ ఆమోదించాడు. నేను ఆ వాగు మీదుగా కారులో వెళ్తుంటాను. అక్కడ కొండ కాదు కదా, గుట్ట కూడా లేదు.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది చైనా కూలీల సంగతి. పడవెక్కి వెళ్లి చేసిన ఆ మొదటి ప్రసంగంలోనే ఆయన చైనావాళ్లను తక్కువ జాతి అన్నాడు, వాళ్ల రాకను చట్టబద్ధంగా ఎన్ని విధాల వీలైతే అన్ని విధాల ఆపాలన్నాడు. ఆ ఏప్రిల్‌లో చైనీయుల మీద నెలకు 2.50 డాలర్ల పన్ను చట్టం వచ్చింది. లిన్ సింగ్ అనే ఆయన కోర్టుకెక్కి పోరాడితే ఏడాదిలోగా రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. కొండల్లో పని మొదలయ్యాక కంపెనీకి తెల్ల కూలీలు నిలవలేదు. వేల మంది చైనావాళ్లను పెట్టుకున్నారు. 1865 అక్టోబరులో అదే స్టాన్‌ఫర్డ్ దేశాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు పంపిన నివేదికలో, వాళ్లు లేకపోతే గడువులోగా ఈ లైను పూర్తికాదని రాశాడు. 1867 జూన్‌లో ఆ కూలీలు నెలకు 40 డాలర్లు, తక్కువ పని గంటలు కావాలని సమ్మె చేస్తే, క్రాకర్ తిండి సరఫరా ఆపేసి వారంలో లొంగదీశాడు. కంపెనీ అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్ అడ్డు చెప్పలేదు.

సియెర్రా కొండల మీద డానర్ సమ్మిట్ దగ్గర ఆ చైనా కూలీలు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చైనా వాల్ అంటారు. పక్కనే 1,659 అడుగుల సమ్మిట్ సొరంగం. గట్టి నల్లరాతిలో రోజుకు అడుగో రెండడుగులో తొలిచారట. ఆగస్టు ఎండలో అక్కడికి ఎక్కినా సొరంగం గాలి చల్లగా తగులుతుంది, చలికాలంలో ఎలా ఉండేదో ఊహించుకోండి. 1869 మే 10న యూటాలో రెండు వైపుల పట్టాలు కలిసినచోట బంగారు మేకు కొట్టే సంబరంలో సుత్తి పట్టింది స్టాన్‌ఫర్డ్. మొదటి దెబ్బ గురితప్పిందని అంటారు.

గవర్నర్‌గా మంచి చేయలేదా అంటే చేశాడు. అంతర్యుద్ధంలో కాలిఫోర్నియాను ఉత్తరాది యూనియన్ వైపు గట్టిగా నిలబెట్టాడు. 1862లోనే ఉపాధ్యాయ శిక్షణకు రాష్ట్ర నార్మల్ స్కూల్ మొదలైంది. అదే తర్వాత శాన్‌హోజేకి మారి శాన్‌హోజే స్టేట్ యూనివర్సిటీ అయింది. అక్కడ ఎంఎస్ చేసిన మనవాళ్లు ఎంతమందో! స్టాన్‌ఫర్డ్‌లో సీటు రాలేదని బాధపడుతూ అక్కడ చేరినవాళ్లకు, మీది కూడా ఆయన హయాంలో పుట్టిందే అని చెబుతుంటాను.

1863లో పార్టీ ఆయనకు బదులు ఫ్రెడరిక్ లోను నిలబెట్టింది. రాష్ట్ర రాజకీయం అక్కడితో సరి. 1885లో అమెరికా సెనేటర్ అయ్యాడు, కానీ ఆ రోజుల్లో సెనేటర్‌ను ఎన్నుకునేది జనం కాదు, శాసనసభ. ఆ సీటు హంటింగ్టన్ స్నేహితుడికి దక్కాల్సింది. ఆ కక్షతో హంటింగ్టన్ 1890లో స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ల మరో రైల్వే కంపెనీ సదరన్ పసిఫిక్ అధ్యక్ష పదవి నుంచి దించాడు. విచిత్రం ఏమిటంటే, సెనేట్‌లో ఈ కోటీశ్వరుడు పెట్టిన బిల్లులు కార్మికుల సహకార సంఘాల కోసం, రైతులకు భూమి తాకట్టు మీద 2 శాతం వడ్డీకి ప్రభుత్వ రుణాల కోసం. ఒక్కటీ నెగ్గలేదు.

మంచివాడా దోపిడీదారా అని అడిగారు. యూనివర్సిటీకి 80 వేల ఎకరాలకు పైగా రాసిచ్చినవాడు, ఏడు మైళ్ల దగ్గర కొండ చూపించి అప్పు తెచ్చిన కంపెనీకి అధ్యక్షుడు ఒక్కరే. కొడుకు మీద దుఃఖం నిజం, దానం నిజం, ఆ దానానికి డబ్బు వచ్చిన దారి కూడా నిజం. ఈ ముక్క నేననడం కాదు, 1893 జూన్‌లో ఆయన పోయాక కేంద్ర ప్రభుత్వమే రైల్వే బాండ్ల బాకీ కింద ఆయన ఆస్తి మీద సుమారు కోటిన్నర డాలర్లకు దావా వేసింది. ఆస్తి కోర్టులో ఇరుక్కుంటే జేన్ స్టాన్‌ఫర్డ్ తన ఇంటి ఖర్చుకు వచ్చే భత్యంతో జీతాలిచ్చి యూనివర్సిటీని మూతపడకుండా కాపాడింది. 1896లో సుప్రీం కోర్టు ప్రభుత్వం దావా కొట్టేసింది. హార్వర్డ్ కథ బదులు ఈవిడ కథ ఫార్వర్డ్ చేయొచ్చు కదా అని మా గ్రూపులో రాస్తే, నమస్కారం బొమ్మ తప్ప జవాబు రాలేదు.

శాక్రమెంటో వైపు వస్తే ఆ ఇల్లు చూడండి, స్టేట్ హిస్టారిక్ పార్కుగా గైడ్‌తో తిప్పి చూపిస్తారు. గవర్నర్ విందులు ఇప్పటికీ అక్కడే జరుగుతుంటాయి, ఆ రోజుల్లో మూసేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి. ఓల్డ్ శాక్రమెంటోలోని రైల్‌రోడ్ మ్యూజియంలో కంపెనీ ఒకటో నంబరు ఇంజిన్ ఉంది. తూర్పు తీరం నుంచి ఓడలో దక్షిణ అమెరికా చుట్టూ తిప్పి తెచ్చిన ఆ ఇంజిన్‌కు పెట్టిన పేరు "గవర్నర్ స్టాన్‌ఫర్డ్".