మాండమస్ మనమే వేసుకుంటే: దావా రాయడం కంటే సర్వీసు దగ్గరే చిక్కు

గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేసి రెండేళ్లు దాటింది, వేలిముద్రలు అయిపోయాయి, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) కరెంట్‌లోనే, అంటే వంతు వచ్చే ఉంది, ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు సర్వీస్ రిక్వెస్ట్ (ఆలస్యంపై ఆరా) పెట్టినప్పుడల్లా ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒకటే జవాబు. లాయరు ఫీజు వేలల్లో చెబుతున్నారు. అమెరికా ఫెడరల్ కోర్టులో మాండమస్ (ప్రభుత్వాధికారి చేయాల్సిన పని చేయమని ఆదేశించాలని కోరే దావా) సొంతంగా వేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

వేసుకోవచ్చు. దావా రాయడం మీరు భయపడుతున్నంత కష్టమేమీ కాదు. లాయరు లేకుండా వేసేవాళ్లు దెబ్బతినేది ఆ తర్వాత, కాగితాలు ప్రతివాదులకు అందజేసే దగ్గర. దాన్నే ‘సర్వీసు’ అంటారు.

ముందు ఒకటి చూసుకోండి. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో మీ తేదీ ‘ఫైనల్ యాక్షన్ డేట్స్’ పట్టిక ప్రకారం కరెంట్ కావాలి. ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ పట్టికలో ఉంటే సరిపోదు. వీసా నంబరు లేనప్పుడు యూఎస్‌సీఐఎస్‌కు ఆమోదించే వీలు లేదు, అలాంటప్పుడు జడ్జి ఆదేశించడానికీ ఏమీ మిగలదు. ఇండియా ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డు కేటగిరీలు) తేదీలు వెనక్కి వెళ్లాక ఇలాంటి దావాలు చాలా కొట్టేశారు. కేసు నడుస్తుండగా తేదీ వెనక్కి పోయినా అదే ప్రమాదం. మిన్నెసోటా, మిస్సోరి, ఆర్కన్సా వంటి రాష్ట్రాలున్న ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అయితే, ఈ దరఖాస్తులను అలా ఆపి ఉంచే విధానాన్ని సమీక్షించే అధికారమే కోర్టులకు లేదని 2024లో తేల్చింది. మీరు ఆ రాష్ట్రాల్లో ఉంటే ఒక గంట లాయరుతో మాట్లాడాకే కోర్టు ఫీజు కట్టండి. 405 డాలర్లు (350 ఫైలింగ్, 55 అడ్మినిస్ట్రేటివ్), తిరిగి రావు.

కోర్టు మీరు నివసించే జిల్లాదే ఎంచుకోండి. ఫెడరల్ చట్టాల సంపుటి 28 యూఎస్‌సీలోని సెక్షన్ 1391(ఈ) అందుకు వీలిస్తుంది. కంప్లైంట్‌లో వాస్తవాలు నంబర్లు వేసిన పేరాల్లో, తేదీలతో రాయండి. అధికార పరిధికి అదే సంపుటిలోని సెక్షన్లు 1331, 1361 చూపాలి. అసలు వాదన అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ సెక్షన్ 706(1), అంటే అకారణ జాప్యం. కోరేది ‘నిర్ణయం తీసుకోండి’ అని మాత్రమే. ‘ఆమోదించండి’ అని రాస్తే ప్రభుత్వ లాయరు చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టు. పది పేజీలు చాలు. రసీదు నోటీసు, బయోమెట్రిక్స్ నోటీసు, సర్వీస్ రిక్వెస్టుల జవాబులు, కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ద్వారా అడిగి ఉంటే ఆ ఉత్తరం ఎగ్జిబిట్లుగా జతచేయండి. ప్రతివాదులను పదవి పేరుతో, అధికారిక హోదాలో చూపితే చాలు. మధ్యలో యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్ మారినా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లోని రూల్ 25(డీ) కింద కొత్తవారు దానంతటదే ఆ స్థానంలోకి వస్తారు.

సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు, పుట్టిన తేదీలో సంవత్సరం మాత్రమే ఉంచి మిగతాది నల్లగా కొట్టేయండి (రూల్ 5.2). ఏ-నంబరుకూ (ఇమిగ్రేషన్ ఫైలు నంబరు) అదే చేయడం మంచిది. ఇమిగ్రేషన్ కేసుల్లో కోర్టు ఉత్తర్వులు తప్ప మిగతా పత్రాలను బయటివాళ్లు ఇంటర్నెట్‌లో చూడలేరు గానీ కోర్టుకు వెళ్తే అక్కడి కంప్యూటర్లో చూడొచ్చు. భార్య ఐ-485 కూడా ఆగి ఉంటే ఆమెనూ వాదిగా చేర్చండి, సంతకం ఆమే చేయాలి. లాయరు కాని భర్త ఆమె తరఫున వాదించడానికి లేదు. దావాతో ఇచ్చే జేఎస్ 44 కవర్ షీటులో ‘యూఎస్ ప్రభుత్వం ప్రతివాది’ గడి ఎంచుకోండి, కేసు రకం కోడ్ 465.

ఇక సర్వీసు. ఏఓ 440 సమన్ల ఫారం ప్రతివాదికొకటి, పైగా యూఎస్ అటార్నీకి (మీ జిల్లాలో ఫెడరల్ ప్రభుత్వ ప్రధాన లాయరు) ఒకటి, అటార్నీ జనరల్‌కు ఒకటి నింపి క్లర్కుకు ఇవ్వాలి. క్లర్కు సంతకం, కోర్టు ముద్ర పడితేనే అవి సమన్లు. తొందరపడి ముద్ర లేని ఫారాలు పంపేసి, రెండు నెలలు ఎదురుచూసి, మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు ఉంటారు.

రూల్ 4(ఐ) ప్రకారం మీ జిల్లా యూఎస్ అటార్నీ ఆఫీసుకు, వాషింగ్టన్‌లోని అటార్నీ జనరల్‌కు, ప్రతివాదిగా పెట్టిన ప్రతి సంస్థకూ అధికారికీ సమన్లు, కంప్లైంట్ రెండూ వెళ్లాలి. యూఎస్ అటార్నీ ఆఫీసుకు మెయిల్ పంపితే కవరు మీద ‘సివిల్ ప్రాసెస్ క్లర్క్’ అని తప్పక రాయాలి. పోస్టాఫీసు వాళ్ల సర్టిఫైడ్ లేదా రిజిస్టర్డ్ మెయిలే వాడండి. ఫెడెక్స్, యూపీఎస్ ఎంత వేగంగా వెళ్లినా ఈ రూలులో లేవు. అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి: ఆ కవర్లు మీరు పంపకూడదు. 18 ఏళ్లు నిండి, కేసులో పార్టీ కాని మనిషి పంపాలి. వాది అయిన భార్య పనికిరాదు. ఆఫీసు స్నేహితుడు చాలు. ఏఓ 440 రెండో పేజీలో ప్రమాణ సంతకం ఆయనే చేస్తాడు. ట్రాకింగ్ ప్రింటవుట్లతో కలిపి దాన్ని కోర్టులో ఫైల్ చేయాలి. వాషింగ్టన్ ఆఫీసుల టపా తనిఖీ అయ్యి వెళ్తుంది కాబట్టి సంతకం చీటీ ఆలస్యం కావచ్చు. అందుకే ప్రింటవుట్ ముందే తీసి ఉంచుకోండి.

సర్వీసుకు మొత్తం గడువు 90 రోజులు. ప్రభుత్వం జవాబివ్వాల్సిన 60 రోజులు మాత్రం యూఎస్ అటార్నీకి అందిన మర్నాటి నుంచే లెక్క. శని, ఆదివారాలూ లెక్కలోకి వస్తాయి. ఆఖరి రోజు సెలవైతే తర్వాతి పనిదినం. అందుకే మొదటి కవరు అక్కడికే పంపండి, లేదా స్నేహితుడి చేత ఆఫీసులోనే ఇప్పించండి. 60 రోజులు దాటిందని డిఫాల్టు తీర్పు (అవతలివాళ్లు జవాబివ్వనందుకు మీకు అనుకూలంగా ఇచ్చేది) మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రభుత్వం మీద అది ఇవ్వాలంటే సాక్ష్యంతో కేసు రుజువు కావాలని రూల్ 55(డీ) చెబుతోంది.

ఈలోపు అసిస్టెంట్ యూఎస్ అటార్నీ నుంచి మెయిల్ వస్తుంది, తరచుగా ఇంకాస్త గడువుకు మీ సమ్మతి కోరుతూ. ఊరికే కాదనకండి, ఊరికే ఒప్పుకోకండి కూడా. ఏ తేదీలోగా ఇంటర్వ్యూ పెడతారో, నిర్ణయం ఇస్తారో రాతపూర్వకంగా అడిగి, దానికి బదులుగా సమ్మతించండి. ఆర్‌ఎఫ్‌ఈ (మరిన్ని ఆధారాలు అడుగుతూ యూఎస్‌సీఐఎస్ పంపే నోటీసు) వస్తే కోర్టు కేసు ఉందని అలక్ష్యం చేయవద్దు. దానికి జవాబివ్వకపోతే వచ్చేది తిరస్కారం.

ప్రభుత్వం కేసు కొట్టేయమని మోషన్ వేస్తే జవాబు గడువు జిల్లా లోకల్ రూల్స్‌లో ఉంటుంది. వాషింగ్టన్ డీసీలో 14 రోజులు. అక్కడ జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్కగట్టవచ్చు. ఇల్లు మారితే వెంటనే చిరునామా మార్పు నోటీసు ఫైల్ చేయండి. డాకెట్‌ను (కేసు పత్రాల పట్టిక) ఫెడరల్ కోర్టుల వెబ్‌సైటు పేసర్‌లో చూసుకోవచ్చు: పేజీకి 10 సెంట్లు, పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు మించకపోతే ఏమీ కట్టక్కర్లేదు.

ఐ-485 మీద నిర్ణయం వచ్చేస్తే, ప్రభుత్వం ఇంకా ఆన్సర్ (దావాకు జవాబు) గానీ సమ్మరీ జడ్జిమెంట్ మోషన్ (విచారణ లేకుండానే తీర్పు కోరేది) గానీ వేయకపోతే, రూల్ 41 కింద మీరొక్కరే ఒక పేజీ నోటీసుతో కేసు వెనక్కి తీసుకోవచ్చు. వేశాక అయితే రెండు పక్షాల సంతకాలు కావాలి. అవతలి లాయరు ‘ఇంటర్వ్యూ అయింది కదా’ అని తొందరపెట్టినా, ఇద్దరి నిర్ణయ నోటీసులూ చేతికందేదాకా ఆ పేజీ ఫైల్ చేయకండి.