వాలు దగ్గర గుర్తు తప్పితే లెక్కలు వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ఆల్జీబ్రా టెస్టులో సరళరేఖల పాఠానికి 20కి 7 మార్కులు వచ్చాయి. వాలు ఫార్ములా అడిగితే గడగడా చెబుతుంది, లెక్క చేస్తే జవాబు తప్పుతుంది. ఏఐ వైపు పంపాలని ఇప్పటికే ఒక ఆన్‌లైన్ మెషీన్ లెర్నింగ్ (డేటా చూపించి కంప్యూటర్‌కు నేర్పడం) కోర్సులో చేర్చాం. ఈ లెక్కలతో ఏఐ డిగ్రీ చదవగలదా? మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ డిగ్రీ మేలా? లేక లెక్కలే లేని దారి చూడాలా? జవాబు పత్రం ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరంకంటే ఆ ఫొటోనే ఎక్కువసేపు చూశాను. మూడో ప్రశ్నలో (2, 5), (6, −3) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం అడిగారు. వాలు అంటే వై తేడాని ఎక్స్ తేడాతో భాగించడం. మీ అమ్మాయి భిన్నంలో పైన 5 లోంచి −3 తీసేసి 8 అని రాసింది. మైనస్‌లో మైనస్ దగ్గర చాలామంది తడబడతారు, తను తడబడలేదు. కింద 6 లోంచి 2 తీసేసి 4 రాసింది. వాలు 2 అంది. పొరపాటు జరిగింది ఇక్కడే. పైన మొదటి బిందువుతో మొదలుపెట్టి, కింద రెండో బిందువుతో మొదలుపెట్టింది. ఏ బిందువుతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, కానీ పైనా కిందా ఒకటే వరుస ఉండాలి. అప్పుడు వాలు −2 వస్తుంది. ఆ తర్వాత తను వేసిన ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది. తనకొచ్చిన 2 పట్టుకుని వై = 2ఎక్స్ + 1 అని తేల్చింది. రావాల్సింది వై = −2ఎక్స్ + 9.

ఇది లెక్కలు రాని పిల్ల కాగితం కాదు. టెన్షన్‌లో తొందరపడిన పిల్ల కాగితం. ఇలాంటివి నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, అందుకే ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

తనకు రెండు అలవాట్లు కావాలి. మొదటిది, ఫార్ములా ముట్టుకునే ముందు చిన్న బొమ్మ గీయడం. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే గీత 5 ఎత్తు నుంచి −3కి దిగుతోందని కంటికి కనిపిస్తే, వాలు ప్లస్ వచ్చినప్పుడు పెన్ను దానంతట అదే ఆగుతుంది. రెండోది, సమీకరణం వచ్చాక రెండు బిందువులూ అందులో పెట్టి చూడడం. తన సమీకరణంలో ఎక్స్ బదులు 2 పెడితే 5 వస్తుంది, బాగానే ఉంది. 6 పెడితే 13 వస్తుంది, −3 రాదు. అర నిమిషం పని. మొదటి బిందువుతో సరిచూసి ఆగిపోయే పిల్లలే ఎక్కువ. ఆ బిందువు వాడే సమీకరణం రాశారు కాబట్టి అది ఎలాగూ సరిపోతుంది, రెండోదే అసలు సాక్షి.

ఇక మీ మనసులో ఉన్న భయం దగ్గరికి వద్దాం. ఏఐలో చేరితే లెక్కలన్నీ కంప్యూటరే చేసేస్తుందనీ, ఆలస్యమైతే మీ అమ్మాయి వెనకబడుతుందనీ అనుకుంటున్నారు. ఈ హడావిడి మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. మెషీన్ లెర్నింగ్‌లో తరచుగా మొదట చెప్పే పాఠం లీనియర్ రిగ్రెషన్. చెల్లాచెదురుగా ఉన్న బిందువులకు వీలైనంత దగ్గరగా పోయే సరళరేఖను కనుక్కోవడమే అది. దానికి వాడే కనిష్ఠ వర్గాల పద్ధతిని, అంటే గీతకూ బిందువులకూ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించే పద్ధతిని, ఫ్రెంచ్ గణితవేత్త లెజాండ్ర్ 1805లోనే ప్రచురించాడు. న్యూరల్ నెట్‌వర్క్‌కి (ఉదాహరణల నుంచి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్‌కి) శిక్షణ ఇచ్చేటప్పుడు తప్పు ఎటు తగ్గుతుందో చూసుకుంటూ ఒక్కో అడుగు దిగడమూ వాలుతో చేసే పనే, దాని మూలం 1847లో మరో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ రాసిన పద్ధతిలో ఉంది. అంటే వాలు నుంచి తప్పించుకుందామని ఏఐకి వెళ్తే, మొదటి వారంలోనే మళ్ళీ వాలు ఎదురవుతుంది.

ఆ గీతను కంప్యూటర్ ఒక్క లైను కోడ్‌తో గీసేస్తుంది, నిజమే. కానీ మీ అమ్మాయి లెక్కనే తీసుకోండి. 9 లీటర్ల నీళ్ళున్న తొట్టి నుంచి నిమిషానికి 2 లీటర్లు కారిపోతున్నాయి అనుకుందాం. వై = −2ఎక్స్ + 9 అంటే అదే: 9 మొదట ఉన్న నీళ్ళు, −2 నిమిషానికి తగ్గేవి. రెండో నిమిషానికి 5 లీటర్లు. ఆరో నిమిషానికి? సమీకరణం −3 లీటర్లు అంటుంది. తొట్టిలో మైనస్ మూడు లీటర్లు ఎలా ఉంటాయి? నాలుగున్నర నిమిషాలకే అది ఖాళీ అయిపోయింది. గీత ముందుకు పోతూనే ఉంటుంది, తొట్టి ఆగిపోతుంది. ఎక్కడిదాకా గీతను నమ్మాలో చెప్పగలగడమే ఆ రంగంలో అసలు పనితనం. చిన్న కోర్సుల్లో దానికి చోటు దొరకడం కష్టం, టూల్స్ నేర్పడంతోనే సమయం అయిపోతుంది. ఆ టూల్స్ కూడా తను డిగ్రీ ముగించేలోపు మారిపోవచ్చు.

ఇక్కడ మిమ్మల్ని కాస్త గట్టిగా అడగాలి. రెండు బిందువులకు గీత కుదరక ఇబ్బంది పడుతున్న పిల్లను వెయ్యి బిందువులకు గీత కుదిర్చే క్లాసులో ఎందుకు కూర్చోబెట్టారు? అక్కడ అర్థంకానిదంతా తన చేతకానితనమే అనుకుంటుంది. ఉత్తరంలో మార్కులున్నాయి, కోర్సులున్నాయి, మీ ప్లాన్ ఉంది. తనకేది ఇష్టమో, ఏది చూస్తే భయమో ఒక్క మాట లేదు. మీ ఆందోళన ప్రేమ వల్లే అని నాకు తెలుసు. కానీ తన వరకు చేరుతున్నది ఆందోళన మాత్రమే. ఆ ఆన్‌లైన్ కోర్సు ఈ రోజే ఆపేయండి.

రెండు డిగ్రీల పోలిక అడిగారు. కోర్సు పేరు పక్కనపెట్టి సిలబస్ తెరవండి. లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, సంభావ్యత గట్టిగా ఉన్న ఏఐ డిగ్రీ మంచిదే. అవి పేరుకు మాత్రమే ఉంటే, ప్రోగ్రామింగ్ జోడించుకున్న స్టాటిస్టిక్స్ డిగ్రీయే నా దృష్టిలో మేలు. అక్కడి నుంచి ఏఐకీ వెళ్ళొచ్చు, వేరే పనులకూ వెళ్ళొచ్చు. ఈ నిర్ణయానికి ఇంకా చాలా సమయం ఉంది. లెక్కలు లేని దారి మాత్రం ఒక్క టెస్టు చూసి ఎంచుకోకండి. తనకు నిజంగా వేరే సబ్జెక్టు ఇష్టమైతే అది వేరే సంగతి, సంతోషంగా పంపండి.

రెండు వారాలపాటు రోజుకు రెండే లెక్కలు చేయించండి. బొమ్మ గీసి, రెండు బిందువులతోనూ సరిచూసి. పక్కన కూర్చుని తప్పులు పట్టొద్దు, తనే పట్టుకోనివ్వండి. తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.