అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్ళు

అల్లుడూ,

వికారాబాద్ తోటకు మడత కత్తి కాకుండా గట్టి పిడి కత్తి కొనడానికి బేగంబజార్ వెళ్తున్నానన్నావు. వెళ్ళేముందు ఇది చదువు.

"స్టెయిన్‌లెస్ స్టీలు సార్" అంటారు. ఆ మాటకు అర్థం పదిన్నర శాతమో, అంతకు మించో క్రోమియం ఉందని మాత్రమే. పదును నిలిచేది కార్బన్ వల్ల, ఉక్కును కాల్చి చల్లార్చిన తీరు వల్ల.

గిన్నెలు కొనేటప్పుడు మీ అమ్మ అయస్కాంతం పెట్టి చూసేది, అంటుకోకపోతే మంచి స్టీలని తీసుకునేది. కత్తి దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. మంచి గిన్నెల స్టీలు 304 నంబరు రకం. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అయస్కాంతం అంటుకోని అలుగును అక్కడే పెట్టి వచ్చేయ్. అంటుకున్నంత మాత్రాన మంచిదనీ అనుకోకు, మెత్తటి 420 రకం స్టీలు కూడా అంటుకుంటుంది.

అందుకే స్టీలు రకం నంబరు అడుగు. ఊరికే 440 అంటే ఏ రకమని నిలదీయి. 440సిలో కార్బన్ సుమారు ఒక శాతం ఉంటుంది, 440ఎలో ముప్పాతిక శాతం దాటదు.

డి2 అనే పనిముట్ల ఉక్కు సంగతి నాకు బాగా తెలుసు. బాలానగర్ టూల్‌రూమ్‌లో ముప్పై ఏళ్ళు డైలు, పంచ్‌లు (రేకుల్ని కోసే, చిల్లులు వేసే అచ్చులు) దానితోనే చేశాం. కార్బన్ ఒకటిన్నర శాతం, పదును ఒక పట్టాన వదలదు. క్రోమియం 12 శాతం ఉన్నా చాలావరకు కార్బన్‌తోనే ముడిపడిపోతుంది కాబట్టి తుప్పును పూర్తిగా ఆపలేదు. ఒకసారి నిమ్మకాయ కోసి తుడవకుండా పెట్టిన డి2 ముక్క మీద మర్నాటికి ఆవగింజలంత మచ్చలు లేచాయి. పైగా కొమ్మ మీద వేటు వేస్తే అంచు పెచ్చులూడుతుంది.

నీ పనికి 1095 రకం ఉక్కు చాలు. కార్బన్ 0.95 శాతం, క్రోమియం లేదు. మామిడి జీడి తగిలితే నల్లబడుతుంది, భయపడకు. తుడిచి కొబ్బరి నూనె పూయి.

అలుగు మీద అలల గీతలు చూపించి ఎక్కువ ధర చెబితే కత్తి వీపు చూడు. గీతలు అక్కడా సాగాలి. పక్కల మీదే ఉంటే పైపూత. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారై పర్షియా దాకా వెళ్ళిన ఉక్కులో ఆ గీతలు లోహంలోంచే పుట్టేవి.

కొన్నాక వీధి సానచక్రానికి ఇవ్వకు. వేడికి అంచు నీలం తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. ఆదివారం మా ఇంటికి తీసుకురా, నూనె వేసి నూరే సానరాయి మీద నేనే పదును పెడతాను.

మీ మామయ్య