ప్రమోటర్‌కు వాకిలి అనవచ్చా?

సందేహం: డిగ్రీ పిల్లలకు జన్యుశాస్త్రం చెబుతున్నాను. జీన్ ప్రమోటర్‌ను 'ప్రోత్సాహకం' అంటే క్లాసంతా నవ్వుతోంది. సరైన తెలుగు మాట ఏది? 'ప్రమోటర్ వల్ల జన్యువు వ్యక్తీకరించబడుతుంది' అనడం సబబేనా? – ఒక అధ్యాపకురాలు, హబ్సిగూడ, హైదరాబాద్

సమాధానం: పిల్లల తప్పు లేదమ్మా. పేపర్లలో ప్రోత్సాహకం అంటే డబ్బు. కంపెనీ పెట్టినవాడూ ప్రమోటరే, ఆయన్ని పక్కన పెడదాం.

కాలేయ కణంలోనూ కండర కణంలోనూ డీఎన్ఏ ఒకటే. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ జన్యువు రెండింటిలోనూ ఉంది. ఆ జన్యువు ముందు, చదవడం ఎక్కడ మొదలవ్వాలో చెప్పే డీఎన్ఏ ముక్కే ప్రమోటర్. దాని మీద కూర్చునే హెచ్ఎన్ఎఫ్-1 వంటి ప్రోటీన్లు మాత్రం కాలేయంలో ఉంటాయి, కండరంలో ఉండవు. అవి చేరితేనే జన్యువును చదివి ఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైము, అంటే ఆర్ఎన్ఏ పాలిమరేజ్, పని సాగుతుంది. అందుకే అల్బుమిన్ కాలేయంలో తయారవుతుంది.

ఇది వింటే నాకు తోచేది వాకిలి. అచ్చమైన ద్రావిడ మాట. వాయి అంటే నోరు, ఇల్ అంటే ఇల్లు: ఇంటి నోరు. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు. వాయి మనకు విడిగా వినపడదు గానీ పెదవిని వాతెర అన్నామంటే నోటికి తెర అనే. సంస్కృత వాక్కుతో దీన్ని ముడిపెట్టకండి. ఇంకో అందం చూడండి. 'వాకిట్లో నిలబడ్డాడు' అంటే ద్వారం దగ్గర. 'వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టింది' అంటే ఇంటి ముందరి జాగా. ప్రమోటర్ కూడా అంతే, జన్యువును చదవడం మొదలయ్యే చోటూ అదే, దాని ముందరి జాగా కూడా అదే. మన అపార్ట్‌మెంట్లలో వాకిలి పోయి మెయిన్ డోర్, దాని ముందు స్టిక్కర్ ముగ్గు మిగిలాయి. మాట కూడా పోతుందేమోనని నా బాధ.

వాకిలి మారిస్తే ఏమవుతుందో 1982లో చూశారు. కాలేయంలో బాగా పనిచేసే మెటల్లోథయోనీన్ అనే జన్యువు ప్రమోటర్‌ను పెరుగుదల హార్మోను జన్యువుకు తగిలించి చుండెలుకల్లో పెట్టారు. మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో పుట్టాల్సిన హార్మోను కాలేయంలో పుట్టింది. కొన్ని చుండెలుకలు తోబుట్టువులకు దాదాపు రెట్టింపు పెరిగాయి.

అయితే డీఎన్ఏలో వేల అక్షరాల దూరం నుంచి జన్యువు పనిని పెంచే ఎన్‌హాన్సర్లనే ముక్కలూ ఉన్నాయి, వాటికి ఈ పోలిక చాలదు. కాబట్టి పరీక్షలో ప్రమోటర్ అనే రాయించండి, పాఠంలో వాకిలి అని చెప్పి చూడండి. 'వ్యక్తీకరించబడుతుంది' మాత్రం వద్దు తల్లీ. జన్యువు వ్యక్తమవుతుంది, అంతే.