హీల్స్ వేసుకుని వీధిలోకి వెళ్లాలంటే దడ.. ఇది జబ్బా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 27. తిరుపతిలో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బరువు 78 కిలోలు. చిన్నప్పటి నుంచి హీల్స్ అంటే ఇష్టం. గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టి వేసుకున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో ప్యాంటు కింద వేసుకుని వీధి చివరిదాకా వెళ్లాలన్నా దడ, చెమటలు. ఆన్‌లైన్‌లో నాలుగంగుళాల పెన్సిల్ హీల్స్ తెప్పించుకున్నాను. నెల కిందట మేడ మీద నడుస్తుంటే కాలు మడతపడి వారం రోజులు వాచింది. అమ్మేమో డాక్టరుకు చూపించుకోమంటోంది. ఇది మానసిక సమస్యా? ధైర్యంగా నడవాలంటే ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆడవాళ్ల దుస్తులు వేసుకోవడాన్నే రుగ్మతగా చూసిన పాత విభాగాలను అందులోంచి తీసేశారు. మీరు ఎవరిని ఇష్టపడతారు, మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటారు అనేవి చెప్పును బట్టి తేలేవి కావు. అమ్మగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి: హీల్స్ తొలుత మగవాళ్లవే. రికాబులో పాదం జారకుండా పర్షియా రౌతులు వేసుకునేవారు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల జోళ్లతో దర్బారుకు వచ్చేవాడు.

జాతరలో రాని దడ మిగతా రోజుల్లో ఎందుకు? అక్కడ మీసాలున్నవాళ్లే చీర కట్టి, జడ వేసుకుని వస్తారు. మొక్కు అని అందరికీ తెలుసు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మామూలు రోజున ఎవరైనా అడిగితే ఏం చెప్పాలోనన్న బెంగ మీది. దానికి తోడు, మీరు గమనించారో లేదో, పడిపోతానన్న భయం కూడా ఉంది. రెండూ కలిసి ఒకే దడగా తెలుస్తున్నాయి. తూలుతూ నడిచేవాళ్ల వైపు జనం ఎలాగూ చూస్తారు, ఆ చూపులతో దడ ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు కాలి సంగతి, తర్వాత జనం సంగతి.

చీలమండ కీలులో టేలస్ అనే ఎముక ముందు వైపు వెడల్పుగా, వెనక సన్నగా ఉంటుంది. పాదం చదునుగా ఆనినప్పుడు వెడల్పు భాగం కీలులో బిగుస్తుంది. మడమ లేచేకొద్దీ సన్నని భాగం అక్కడికి వచ్చి పట్టు సడలుతుంది. పైగా బరువు మునిపాదం మీదకు జరుగుతుంది, కింద ఆధారం పెన్సిలంత. మీ కాలు అలాగే మడతపడింది. బెణికిన వెంటనే నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఇప్పుడు ఒంటికాలి మీద 30 సెకన్లు నొప్పి లేకుండా, తూలకుండా నిలబడగలిగితే సాధన మొదలుపెట్టొచ్చు. లేదంటే ముందు ఫిజియోథెరపిస్టును కలవండి.

పెన్సిల్ హీల్స్ కొన్నాళ్లు పక్కన పెట్టండి. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున్న బ్లాక్ హీల్ (మందంగా, వెడల్పుగా ఉండే మడమ), చీలమండ దగ్గర పట్టీ ఉన్నది తీసుకోండి. ఎత్తు లెక్కలో చాలామంది పొరబడతారు. వెనక 8 సెంటీమీటర్లు ఉండి, వేళ్ల కింద 3 సెంటీమీటర్ల ప్లాట్‌ఫామ్ ఉంటే పాదానికి తెలిసే వాలు 5 సెంటీమీటర్లే. అయినా అంత ఎత్తు నుంచి పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది, కాబట్టి మొదటి జతకు ప్లాట్‌ఫామ్ వద్దు.

కొలత సాయంత్రం తీసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పాదం పొడవు 26 సెంటీమీటర్లయితే యూరోపియన్ సైజు 41–42 వస్తుంది. ఆడవాళ్ల జోళ్లు చాలా షాపుల్లో 41తో ఆగిపోతాయి, మగవాళ్ల పాదం వెడల్పు కూడా ఎక్కువ. వెడల్పు చాలక పెద్ద సైజు కొంటే పాదం ముందుకు జారి వేళ్లు నలుగుతాయి, మడమ బయటికి లేస్తుంది. కాగితం మీద పాదం గీసి చెప్పును దాని మీద పెట్టి చూడండి. గీత పక్కలకు అర సెంటీమీటరు మించి కనిపిస్తే ఆ జత మీది కాదు. ఆనెలు, బొటనవేలు పక్కకు వంగడం, మూడు నాలుగు వేళ్ల మధ్య మంట లాంటివి ఎక్కువగా ఇరుకు చెప్పుల వల్లే ముదురుతాయి. అడుగు నున్నగా ఉంటే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర రబ్బరు సోల్ అతికించుకోండి. మడమ చివర రబ్బరు అరిగి లోపలి మేకు తేలితే టైల్స్ మీద జర్రున జారుతుంది.

రెండు వారాలు ఇంట్లోనే. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి, ఒక్కో కాలికి 30 సెకన్లు, మూడుసార్లు. మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం పదిహేను చొప్పున మూడు విడతలు. ఏళ్ల తరబడి హీల్స్‌లోనే ఉంటే పిక్క కండ పొట్టిబడుతుంది, దాని స్నాయువు బిరుసెక్కుతుంది, అందుకే సాగదీత మానొద్దు. తర్వాత హీల్స్‌తో రోజుకు పావుగంట నడక. అడుగు చిన్నది, మడమ ముందు ఆని వెంటనే పాదం. చూపు నేల మీద కాదు, పదిహేనడుగుల ముందుకు. మోకాళ్లు వంగిపోతున్నాయంటే ఎత్తు మీకు ఎక్కువైందని గుర్తు. మెట్లు దిగేటప్పుడు కొంచెం పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగండి. ఫోన్లో మాట్లాడుతూ కూడా తడబడకుండా నడిచే రోజు వస్తే బయటికి వెళ్లొచ్చు. అంతకు ముందు వద్దు.

బయటి సాధనను మెట్లుగా విడగొట్టండి. ఒక్కో చోటుకు మీ దడకు పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. మేడ మీద రెండు, తెలిసిన స్నేహితుడి ఇల్లు నాలుగు, ఎయిర్ బైపాస్ రోడ్డులో ఓ హోటల్‌కు వెళ్లి కాఫీ తాగడం ఆరు, సాయంత్రం గాంధీరోడ్డు రద్దీ తొమ్మిది అనుకుందాం. మూడు నాలుగు మార్కుల చోటుతో మొదలుపెట్టండి. దడ సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి, అసలు కిటుకు ఇదే. దడ ఎక్కి, కాసేపటికి తనంతట తానే దిగుతుంది. మధ్యలో పారిపోతే ‘తప్పించుకున్నాను కాబట్టి బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది. గబగబా నడవడం, ఫోన్లో తల దూర్చడం కూడా పారిపోవడమే. ఊపిరి నాలుగు అంకెలకు లోపలికి, ఆరు అంకెలకు బయటికి. అదే మెట్టు వేర్వేరు రోజుల్లో తేలికయ్యాక పై మెట్టు.

ధైర్యానికని మందు తాగి వెళ్లొద్దు, మొదట పోయేది నిలకడే. ఎవరో చెప్పారని దడ తగ్గే ప్రొప్రనొలాల్ మాత్ర సొంతంగా వేసుకోవద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. హీల్స్‌తో బైక్ నడపొద్దు. గేరు సరిగా పడదు, ఆపినప్పుడు కాలు నిలవదు. మామూలు చెప్పులతో వెళ్లి పార్కింగ్‌లో మార్చుకోండి. అవే చెప్పులు సంచిలో ఉంటే నొప్పి వచ్చినప్పుడూ పనికొస్తాయి. అలిపిరి మెట్లెక్కి వచ్చిన మర్నాడు పిక్కలు అలిసి ఉంటాయి, ఆ రోజు సాధన మానేయండి.

ఎవరైనా ‘ఏందన్నా ఇయ్యి?’ అంటే ‘బాగుండాయని ఏసుకున్నా’ అని నడక ఆపకుండా సాగిపోండి. జవాబు ఇంట్లో గట్టిగా పలికి అలవాటు చేసుకోండి. పొడుగు వివరణ ఇస్తే వాదన మొదలవుతుంది. గుంపు చేరి ఎగతాళి ముదిరితే వెలుతురున్న షాపులోకి వెళ్లండి. ఇది పైన చెప్పిన పారిపోవడం కిందకు రాదు, జాగ్రత్తపడటం. మొదటి కొన్నిసార్లు తోడుగా ఒకరుంటే మేలు.

రెండు నెలల సాధన తర్వాత కూడా దడ తగ్గకపోయినా, ఆఫీసుకు, పెళ్లిళ్లకు మామూలు చెప్పులతో వెళ్లాలన్నా అదే భయం ఉన్నా అది హీల్స్ సమస్య కాదు, సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలోకి వెళ్లాలంటే కలిగే విపరీతమైన భయం కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీలో చూపించుకోండి. ముందు ఫోన్లో మాట్లాడదామంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.